మాజీ విశ్వాసుల సాక్ష్యం

మాజీ విశ్వాసుల సాక్ష్యం అనగా ఒక మతాన్ని గాని, మత సంస్థను గాని, ఆధ్యాత్మిక గురువును గాని కొంతకాలం అనుసరించి పిదప విడిచిపెట్టినవారు తమ అనుభవాన్ని గురించి ఇచ్చే కథనం. ఈ కథనాన్ని ఎంతవరకు నమ్మవచ్చుననేది 1970ల నుండి మత సమాజశాస్త్రంలో సాగుతున్న ఒక ముఖ్య వివాదం. సంస్థలో ఉన్నవారు, వెళ్ళిపోయినవారి మాటలను పగతో చెప్పినవనీ, వారికి మొదటినుండి నిజమైన విశ్వాసమే లేదనీ కొట్టివేయడం సాధారణం. అట్లే వెళ్ళిపోయినవారు, ఉన్నవారి మాటలను భయంతోనో భ్రమతోనో చెప్పినవని తోసిపుచ్చుతారు. ఈ రెండు వైఖరులు పైకి విరుద్ధంగా కనిపించినా వాటి నిర్మాణం ఒక్కటే. చెప్పిన విషయం నిజమా కాదా అని పరిశీలించడానికి మారుగా, చెప్పిన వ్యక్తి మనస్థితిని ప్రశ్నించడం రెండింటిలోనూ కనిపిస్తుంది.

ఇది పండితుల చర్చకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. మాజీ సభ్యుల మాటను పెడచెవిన పెట్టినందువలన ప్రాణనష్టం జరిగిన సందర్భాలు ఉన్నాయి. వారి పేరిట వెలువడిన కల్పిత కథలను నమ్మి ఒక మతవర్గంపై ద్వేషం పెంచుకొన్న సందర్భాలూ ఉన్నాయి. విశ్వాసుల విశ్వాసాన్ని గంభీరంగా పరిగణించకపోవడం వలన కలిగిన విషాదాలు కూడా చరిత్రలో నమోదైనాయి.

పదజాలం

మతాన్ని విడిచినవారికి తెలుగులో మతత్యాగి, మతభ్రష్టుడు అనే పదాలు వాడుకలో ఉన్నాయి. వీటిలో రెండవది నిందార్థకం. పతనమైనవాడు అనే భావం దానిలో ఇమిడి ఉన్నది. ఇస్లాం ధర్మశాస్త్రంలో ఇటువంటి వ్యక్తిని ముర్తద్ అంటారు. కొన్ని దేశాలలో మతత్యాగం చట్టరీత్యా శిక్షార్హమైన నేరం.

అమెరికా సమాజశాస్త్రవేత్త డేవిడ్ బ్రోమ్లీ 1998లో సంపాదకత్వం వహించిన "ద పాలిటిక్స్ ఆఫ్ రెలిజియస్ అపోస్టసీ" అనే గ్రంథంలో వెళ్ళిపోయేవారిని మూడు రకాలుగా విభజించాడు.

* డిఫెక్టర్ - సంస్థతో ఒక ఒప్పందానికి వచ్చి, పెద్ద రభస లేకుండా నిష్క్రమించేవారు.
* విజిల్ బ్లోయర్ - సంస్థలోని ఒక తప్పును బయటి నియంత్రణ వ్యవస్థల దృష్టికి తెచ్చేవారు.
* అపోస్టేట్ - సంస్థను వ్యతిరేకించే వర్గాలతో చేయి కలిపి, దానికి వ్యతిరేకంగా బహిరంగంగా పోరాడేవారు.

సమాజంలో మంచి గౌరవం ఉన్న పెద్ద మతసంస్థను విడిచేవారు ఎక్కువగా మొదటి కోవకు చెందుతారని, సమాజం అనుమానంతో చూసే చిన్న సంస్థలను విడిచేవారికి మూడవ పాత్ర సులభంగా లభిస్తుందని బ్రోమ్లీ అభిప్రాయం. అనగా వెళ్ళిపోయినవాని మాటకు దొరికే ఆదరణ అతని అనుభవంపై మాత్రమే కాక, అతడు విడిచిన సంస్థకు ఉన్న పలుకుబడిపై కూడా ఆధారపడుతుంది.

విశ్వాసులు మాజీ సభ్యులను తోసిపుచ్చే విధానాలు

"నిజమైన విశ్వాసి కాదు" అనే వాదం

క్రైస్తవంలో ఈ వాదానికి ప్రాచీన మూలం ఉన్నది. బైబిలు కొత్త నిబంధనలోని యోహాను మొదటి పత్రిక రెండవ అధ్యాయంలో, సంఘాన్ని విడిచి వెళ్ళినవారు అసలు సంఘానికి చెందినవారే కారనే భావం కనిపిస్తుంది. తరువాతి కాలంలో జాన్ కాల్విన్ సంప్రదాయాన్ని అనుసరించే సంఘాలు, దేవుడు ఎన్నుకొన్నవారు చివరివరకు విశ్వాసంలో నిలుస్తారనే సిద్ధాంతాన్ని ఏర్పరచుకొన్నాయి. ఈ సిద్ధాంతం ప్రకారం ఒక వ్యక్తి శాశ్వతంగా విశ్వాసాన్ని విడిస్తే, అతని పూర్వ విశ్వాసం నిజమైనది కాదని తేలుతుంది. 1610లో నెదర్లాండ్స్‌లో ఆర్మీనియస్ అనుచరులు ఈ విషయాన్ని ప్రశ్నించారు. ఆర్మీనియన్ సంప్రదాయంలో నిజమైన విశ్వాసి కూడా పడిపోవచ్చుననే అభిప్రాయం స్థిరపడింది. కావున ఇరవై సంవత్సరాలు ప్రార్థన చేసి, బోధించి, పిదప వైదొలగిన వ్యక్తి గతాన్ని ఒక సంఘం బూటకమనీ, మరొక సంఘం పతనమనీ వర్ణిస్తుంది. వ్యక్తి చెప్పుకొనే అనుభవం మాత్రం రెంటిలోనూ ఒక్కటే.

రహస్య పాపం, కోపం

వెళ్ళిపోయినవాడు ఏదో తప్పు చేసి, దానిని దాచుకోలేక వెళ్ళాడనేది రెండవ వాదం. సైంటాలజీ స్థాపకుడు ఎల్. రాన్ హబ్బర్డ్ ఈ భావాన్ని ఒక సిద్ధాంతంగానే బోధించాడు. దాని ప్రకారం సంస్థను హఠాత్తుగా విడిచే వ్యక్తి తాను చేసిన హానికర కార్యాలను దాచిపెట్టడం వలన విడుస్తాడు. ఇట్టి సిద్ధాంతంలో సంస్థపై చేసే విమర్శయే విమర్శకుని దోషానికి నిదర్శనమవుతుంది.

మార్మన్ సంప్రదాయంలో థామస్ మార్ష్ కథ దీనికి ప్రసిద్ధ ఉదాహరణ. పన్నెండుమంది అపొస్తలుల మండలికి అధ్యక్షుడైన మార్ష్ 1838లో మిస్సోరీలో సంఘాన్ని విడిచాడు. పాల మీగడ పంపకంలో అతని భార్యకు, ఇరుగుపొరుగు స్త్రీకి మధ్య వచ్చిన తగాదాయే దీనికి కారణమని ఒక కథ 1856లో ఒక నాయకుని ప్రసంగం ద్వారా ప్రచారంలోకి వచ్చింది. చిన్న విషయానికి నొచ్చుకొని విశ్వాసం పోగొట్టుకోరాదని చెప్పడానికి ఈ కథను తరతరాలుగా వాడారు. అయితే మార్ష్ 1838 అక్టోబరులో ఇచ్చిన ప్రమాణపత్రం, తన సంఘస్థులు సాగిస్తున్న హింసపై ఆరోపణలకు సంబంధించినది. మీగడ కథ గుర్తుండిపోయి, హింస గురించిన అభ్యంతరం మరుగున పడింది. మార్ష్ 1857లో తిరిగి సంఘంలో చేరాడు. 2013 అక్టోబరులో ఆ సంఘ అగ్రనాయకులలో ఒకడైన డీటర్ ఉక్‌డార్ఫ్, సంఘాన్ని విడిచేవారు నొచ్చుకొనో, సోమరితనంతోనో, పాపం వలననో విడుస్తారనుకోవడం సరికాదని, కారణాలు అంత సులభమైనవి కావని మహాసభలో చెప్పాడు. ఒక మత నాయకుడు ఈ అలవాటును బహిరంగంగా సరిదిద్దిన సందర్భంగా దీనిని పేర్కొనవచ్చు.

రోగం, సంబంధ విచ్ఛేదం

మూడవది, మతత్యాగాన్ని వ్యాధిగా చూడడం. యెహోవాసాక్షుల కావలికోట పత్రిక 2011 జూలై సంచికలో మతభ్రష్టులను మానసిక వ్యాధిగ్రస్తులుగా వర్ణించిన తీరు బ్రిటన్‌లో వివాదాస్పదమైనది. వ్యాధి అంటుకొనేది కనుక దూరంగా ఉండాలనే ముగింపు దీనినుండి సహజంగా వస్తుంది. ఈ సంస్థలో బహిష్కృతులతో సభ్యులు మాట్లాడకుండా ఉండడం చాలాకాలంగా నియమం. 2024లో సంస్థ బహిష్కరణ అనే పదాన్ని మార్చి, సంఘం నుండి తీసివేయబడినవారిని కూటాలలో క్లుప్తంగా పలకరించవచ్చునని సడలింపు ఇచ్చింది. మతభ్రష్టులుగా పరిగణింపబడినవారికి ఈ సడలింపు వర్తించలేదు.

సంబంధ విచ్ఛేదానికి జ్ఞానపరమైన ఫలితం ఒకటి కలదు. వెళ్ళిపోయినవానితో మాట్లాడకూడదనుకొన్నపుడు అతడెందుకు వెళ్ళాడో తెలుసుకొనే మార్గం మూసుకుపోతుంది. ఆ ఖాళీని సంస్థ ఇచ్చే వివరణ నింపుతుంది.

మాజీ సభ్యులు విశ్వాసులను తోసిపుచ్చే విధానాలు

వెళ్ళిపోయినవారి వైపునుండి బాగా ప్రచారం పొందిన వాదం బ్రెయిన్ వాషింగ్. ఈ ఆంగ్ల పదాన్ని 1950లో అమెరికా పాత్రికేయుడు ఎడ్వర్డ్ హంటర్ కమ్యూనిస్టు చైనా గురించి వ్రాస్తూ ప్రచారంలోకి తెచ్చాడు. మనోవైద్యుడు రాబర్ట్ లిఫ్టన్ చైనాలో నిర్బంధానికి గురైనవారిని, చైనా నుండి వచ్చిన శరణార్థులను పరిశీలించి 1961లో ఒక ప్రామాణిక గ్రంథం ప్రచురించాడు. 1970లలో యూనిఫికేషన్ చర్చి, హరే కృష్ణ ఉద్యమం వంటి కొత్త మత ఉద్యమాలు అమెరికాలో యువకులను ఆకర్షించినపుడు, నిర్బంధం లేకుండానే ఇక్కడ కూడా ఇదే జరుగుతున్నదని వ్యతిరేకులు వాదించారు. ఇందుకు విరుగుడుగా టెడ్ ప్యాట్రిక్ వంటివారు డీప్రోగ్రామింగ్ అనే పద్ధతిని అనుసరించారు. తల్లిదండ్రుల కోరికపై వయోజనులైన సభ్యులను బలవంతంగా తీసుకుపోయి, మనసు మార్చుకొనేవరకు నిర్బంధించి వాదించడమే ఈ పద్ధతి.

ఈ వాదంలోని చిక్కు ఏమనగా, దానిని ఖండించే అవకాశం విశ్వాసికి లేదు. నేను ఇష్టపూర్వకంగానే ఉన్నానని అతడు చెప్తే, అట్లా చెప్పడమే మనసు లొంగిపోయినదనడానికి సాక్ష్యమవుతుంది. పైన చెప్పిన రహస్య పాపం వాదంలో విమర్శకుడు చిక్కుకొనేది కూడా సరిగా ఇటువంటి వలలోనే.

1987లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్, ఈ విషయంపై మార్గరెట్ సింగర్ నాయకత్వంలోని బృందం సమర్పించిన నివేదికను శాస్త్రీయ ప్రమాణాలు చాలవని ఆమోదించలేదు. 1990లో అమెరికాలోని ఒక ఫెడరల్ న్యాయస్థానం కూడా ఈ సిద్ధాంతంపై నిపుణుల సాక్ష్యాన్ని స్వీకరించలేదు. 1995లో బలవంతపు డీప్రోగ్రామింగ్‌కు గురైన ఒక యువకునికి జ్యూరీ భారీ పరిహారం ప్రకటించినది. దాని ఫలితంగా కల్ట్ అవేర్‌నెస్ నెట్‌వర్క్ అనే సంస్థ 1996లో దివాలా తీసింది. అయితే తీవ్రమైన ఒత్తిడి, భయపెట్టడం, సమాచారాన్ని దాచడం, తిండి నిద్రలను నియంత్రించడం వంటివి కొన్ని సంస్థలలో జరుగుతాయనే విషయాన్ని ఈ తీర్పులు కాదనలేదు.

ఇక సాధారణ జీవితంలో వినిపించే మాటలు వేరు. చావు భయంతో నమ్ముతున్నారు, చదువు లేక నమ్ముతున్నారు, అలవాటు కొద్దీ నమ్ముతున్నారు అనేవి అటువంటివి. ఈ మాటలు అనే మాజీ విశ్వాసి, ఒకప్పుడు తాను కూడా అదే ప్రార్థనలో కన్నీరు పెట్టినవాడే. తన గతాన్ని కూడా అతడు భ్రమ అని కొట్టివేయవలసి వస్తుంది. పలువురు మాజీ సభ్యులు దీనినే అన్నిటికంటె కష్టమైన పనిగా చెప్పుకొంటారు.

చారిత్రక ఉదాహరణలు

మరియా మంక్ (1836)

1836లో న్యూయార్కులో మరియా మంక్ పేరుతో ఒక పుస్తకం వెలువడినది. కెనడాలోని మాంట్రియల్ నగరపు హోటల్ ద్యూ కాన్వెంటులో తాను సన్యాసినిగా ఉన్నానని, అక్కడ మతగురువులు సన్యాసినులపై అత్యాచారాలు చేసి, పుట్టిన శిశువులను చంపేవారని ఆమె ఆరోపించినది. కాథలిక్ వ్యతిరేకత ప్రబలంగా ఉన్న రోజులవి. 1834 ఆగస్టులో బోస్టన్ సమీపాన చార్లెస్‌టౌన్‌లో ఒక కాన్వెంటును జనసమూహం తగులబెట్టినది. మంక్ పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. న్యూయార్కు పత్రికా సంపాదకుడు విలియం స్టోన్ స్వయంగా కాన్వెంటుకు వెళ్ళి పరిశీలించి, పుస్తకంలోని వర్ణనలు భవనంతో సరిపోలడం లేదని ప్రకటించాడు. ఆమె అక్కడ సన్యాసినిగా ఉన్న దాఖలా లేదు. ఎన్నడూ సభ్యులు కానివారు మాజీ సభ్యులుగా చెప్పుకొనే ఇటువంటి సందర్భాలను సమాజశాస్త్రవేత్త డేనియల్ కార్సన్ జాన్సన్ ఒక ప్రత్యేక వర్గంగా పరిశీలించాడు.

పీపుల్స్ టెంపుల్ (1978)

జిమ్ జోన్స్ 1950లలో అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో స్థాపించిన పీపుల్స్ టెంపుల్, తరువాత కాలిఫోర్నియాలో రాజకీయ పలుకుబడి గల సంస్థగా ఎదిగింది. జాతి సమానత్వం, పేదలకు సేవ దాని ఆశయాలుగా ఉండేవి. 1977 ఆగస్టులో న్యూ వెస్ట్ పత్రిక, పదిమంది మాజీ సభ్యుల కథనాల ఆధారంగా కొట్టడం, ఆస్తులు లాక్కోవడం, బూటకపు స్వస్థతల గురించి వ్యాసం ప్రచురించింది. జోన్స్ గయానా దేశంలోని జోన్స్‌టౌన్‌కు తరలిపోయాడు. వెళ్ళిపోయినవారిని సంస్థ ద్రోహులని పిలిచేది. అక్కడినుండి తప్పించుకొని వచ్చిన డెబొరా లేటన్, సామూహిక ఆత్మహత్యకు అక్కడ అభ్యాసాలు జరుగుతున్నాయని 1978 జూన్‌లో ప్రమాణపత్రం ఇచ్చినది. దానికి తగిన స్పందన రాలేదు. 1978 నవంబరు 18న పరిశీలనకు వెళ్ళిన అమెరికా కాంగ్రెసు సభ్యుడు లియో రయాన్‌తో సహా 918 మంది మరణించారు. వీరిలో 909 మంది జోన్స్‌టౌన్‌లోనే చనిపోయారు.

సమాజశాస్త్రవేత్త జాన్ హాల్ 1987లో ప్రచురించిన గ్రంథంలో, మాజీ సభ్యులు, బంధువుల సంఘంతో సంస్థకు ఏర్పడిన ఘర్షణ కూడా ఈ విషాదానికి దారితీసిన పరిస్థితులలో ఒకటని వాదించాడు. అయినను లేటన్ చెప్పిన ముఖ్య విషయం నిజమైనదనడంలో వివాదం లేదు.

బ్రాంచ్ డేవిడియన్లు (1993)

టెక్సస్‌లోని వేకో సమీపంలో డేవిడ్ కొరేష్ నాయకత్వంలో ఉన్న బ్రాంచ్ డేవిడియన్ల నివాసంపై 1993 ఫిబ్రవరి 28న జరిగిన దాడికి ఆధారమైన ప్రమాణపత్రంలో మాజీ సభ్యులు చెప్పిన వివరాలు కూడా ఉన్నాయి. తరువాత 51 రోజుల ముట్టడి జరిగినది. ప్రకటన గ్రంథంలోని ఏడు ముద్రలను గురించి కొరేష్ గంటల తరబడి మాట్లాడగా, అధికారులు దానిని అర్థంలేని వాగుడుగా భావించారు. బైబిలు పండితులు జేమ్స్ టేబర్, ఫిలిప్ ఆర్నల్డ్ మాత్రం ఆ భాషలోనే అతనితో సంభాషించవచ్చునని ప్రయత్నించారు. ఏప్రిల్ 19న ముట్టడి అగ్నిప్రమాదంతో ముగిసి, పిల్లలతో సహా 76 మంది మరణించారు. కొరేష్ బాలికలతో సంబంధాలు పెట్టుకొన్నాడన్న మాజీ సభ్యుల ఆరోపణకు బలమైన ఆధారాలు ఉన్నాయి. అదే సమయంలో లోపలివారి విశ్వాసం నటన కాదనే సంగతిని గుర్తించకపోవడం ఘోరమైన పొరపాటయినది.

ఓమ్ షిన్రిక్యో (1989-1995)

జపాన్‌లో ఓమ్ షిన్రిక్యో సభ్యుల కుటుంబాల తరఫున పనిచేసిన న్యాయవాది సకామొతో త్సుత్సుమి, భార్యాబిడ్డలతో సహా 1989 నవంబరులో అదృశ్యమైనాడు. వారిని ఓమ్ సభ్యులు హత్య చేశారని 1995లో గాని తేలలేదు. 1995 మార్చి 20న టోక్యో భూగర్భ రైళ్ళలో సారిన్ విషవాయువును ప్రయోగించి ఈ సంస్థ 14 మంది మరణానికి కారణమైనది. వీరిలో ఒకరు దీర్ఘకాలం మంచానపడి 2020లో మరణించారు. దాడి తరువాత కొన్ని వారాలకు, మత పరిశోధకులు గోర్డన్ మెల్టన్, జేమ్స్ లూయిస్ సహా నలుగురు అమెరికన్లు సంస్థ ఖర్చుతోనే జపాన్ వెళ్ళి, పోలీసు చర్యలు మతస్వేచ్ఛకు భంగకరమని ఆందోళన వెలిబుచ్చారు. సంస్థ దోషం ఋజువైన తరువాత ఈ పర్యటన తీవ్ర విమర్శకు గురైనది.

సమాజశాస్త్ర పరిశోధనలు

మాజీ సభ్యుల కథనాలను జాగ్రత్తగా స్వీకరించాలని వాదించినవారిలో ఆక్స్‌ఫర్డ్ సమాజశాస్త్రవేత్త బ్రయన్ విల్సన్ ముఖ్యుడు. వెళ్ళిపోయిన వ్యక్తి తన గతాన్ని సమర్థించుకోవలసిన అవసరంలో ఉంటాడు కనుక, తాను మోసపోయానని చెప్పే కథను క్రమంగా అల్లుకొంటాడని ఆయన అభిప్రాయం. బ్రోమ్లీ, ఆన్సన్ షూప్ మొదలైనవారు 1979లో ఇటువంటి కథలను అకృత్య కథలు అనే పేరుతో విశ్లేషించారు.

1981లో ట్రూడీ సాలమన్, యూనిఫికేషన్ చర్చిని విడిచిన 100 మందిని పరిశీలించి, డీప్రోగ్రామింగ్‌తోను, వ్యతిరేక సంస్థలతోను సంబంధం ఉన్నవారిలో సంస్థపై ప్రతికూల అభిప్రాయం ఎక్కువగా ఉన్నదని కనుగొన్నది. 1984లో స్టువర్ట్ రైట్, వివిధ ఉద్యమాలను స్వచ్ఛందంగా విడిచిన 45 మందిని ప్రశ్నించగా, 67 శాతం మంది ఆ అనుభవం వలన తెలివి పెరిగినదన్నారు. 9 శాతం మంది మాత్రమే తాము మోసపోయామని లేదా బ్రెయిన్ వాష్ చేయబడ్డామని చెప్పారు. అనగా పత్రికలలో కనిపించే కోపిష్టి మాజీ సభ్యుడు, మాజీ సభ్యులందరికీ ప్రతినిధి కాడు. మౌనంగా వెళ్ళిపోయేవారే అధికం.

అదే 1984లో ఐలీన్ బార్కర్ "ద మేకింగ్ ఆఫ్ ఎ మూనీ" అనే గ్రంథాన్ని వెలువరించినది. యూనిఫికేషన్ చర్చి శిక్షణ శిబిరాలకు వచ్చినవారిలో 90 శాతం మంది అసలు సభ్యులు కాలేదని, చేరినవారిలో కూడా చాలామంది రెండు సంవత్సరాలలోపు తమంతట తామే వెళ్ళిపోయారని ఆమె చూపినది. ఎదిరించలేని మానసిక నియంత్రణ అనే వాదాన్ని ఈ అంకెలు బలహీనపరచాయి.

దీనికి ప్రతివాదం కూడా బలమైనదే. బెంజమిన్ జబ్లోకీ 1996లో సమర్పించిన పరిశోధనలో, సమష్టి జీవన సంఘాలలో ఉన్నవారు, విడిచినవారు ఇచ్చిన వివరాలను పోల్చి, విశ్వసనీయతలో ఇరువర్గాల మధ్య చెప్పుకోదగిన తేడా లేదని నిర్ధారించాడు. బెంజమిన్ బెయిట్-హల్లామీ, విషాదాలు జరిగిన సంస్థల విషయంలో పండితుల నివేదికలకంటె శత్రుభావం గల మాజీ సభ్యుల కథనాలే సత్యానికి దగ్గరగా ఉన్నాయని విమర్శించాడు.

విశ్వాసుల కథనాలు కూడా అల్లబడినవే అనే సంగతిని జేమ్స్ బెక్‌ఫర్డ్ 1978లో యెహోవాసాక్షులపై చేసిన పరిశీలనలో చూపాడు. తాము ఎట్లు మతంలో చేరామో చెప్పేటపుడు సభ్యులు సంస్థ అంగీకరించే నమూనాను అనుసరిస్తారు. కావున చేరిక కథకు ఒక మూస ఉన్నట్లే, నిష్క్రమణ కథకూ ఒక మూస ఉన్నది. మూసలో పోసినంత మాత్రాన లోపలి లోహం నకిలీ కాదు. 1988లో "బికమింగ్ యాన్ ఎక్స్" గ్రంథాన్ని ప్రచురించిన హెలెన్ రోజ్ ఇబా స్వయంగా మాజీ కాథలిక్ సన్యాసిని. సన్యాసం, వివాహం, వృత్తి వంటి పాత్రలను విడిచినవారందరిలో గత పాత్ర నీడ మిగిలి ఉంటుందని ఆమె వివరించినది.

ఆంటొనీ ఫ్లూ ఉదంతం

ఈ అలవాటు మత విశ్వాసులకే పరిమితం కాదనడానికి బ్రిటిష్ తత్త్వవేత్త ఆంటొనీ ఫ్లూ (1923-2010) జీవితం ఉదాహరణ. ఏ స్కాట్లండువాడూ అట్టి పని చేయడని ఒకడు అంటాడు. చేసినవానిని చూపగా, నిజమైన స్కాట్లండువాడు చేయడని మాట మారుస్తాడు. ఈ తర్కదోషాన్ని ఫ్లూ 1975 నాటి తన గ్రంథంలో వివరించి, దానికి ప్రచారం కల్పించాడు. "నిజమైన విశ్వాసి అయితే విడిచిపెట్టడు" అనే వాదాన్ని విమర్శించేవారు తరచు దీనినే ఉదహరిస్తారు.

అర్ధశతాబ్దికి పైగా ప్రముఖ నాస్తికునిగా పేరొందిన ఫ్లూ, 2004లో తాను సృష్టికర్త ఉన్నాడని నమ్ముతున్నట్లు వెల్లడించాడు. అది ఏ మతానికీ చెందని దైవభావన. 2007లో సహరచయితతో కలిసి ఆయన పేరిట పుస్తకం వెలువడగా, వృద్ధాప్యంలో జ్ఞాపకశక్తి తగ్గిన వ్యక్తిని విశ్వాసులు వాడుకొన్నారని పలువురు నాస్తికులు ఆరోపించారు. ఆ పుస్తకం తన అభిప్రాయాలనే తెలుపుతున్నదని ఫ్లూ ప్రకటించాడు. పుస్తక రచనలో ఆయన పాత్ర ఎంత అన్న ప్రశ్న సమంజసమే కావచ్చు. కాని మార్పు వెనుక గల వాదాలకంటె ఆయన వయస్సే ఎక్కువగా చర్చనీయాంశమయినది.

తెలుగువారికి సంబంధించిన ఉదాహరణలు

చిత్తూరు జిల్లా మదనపల్లెలో (2022 నుండి అన్నమయ్య జిల్లాలో చేరినది) 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తిని దివ్యజ్ఞాన సమాజ నాయకుడు లెడ్‌బీటర్ 1909లో అడయారులో గుర్తించాడు. రాబోయే జగద్గురువుకు వాహకుడిగా భావించి, 1911లో ఆయన కోసం ఆర్డర్ ఆఫ్ ది స్టార్ ఇన్ ది ఈస్ట్ అనే సంస్థను ఏర్పరచారు. 1929 ఆగస్టు 3న నెదర్లాండ్స్‌లోని ఒమ్మెన్‌లో, మూడువేలమందికి పైగా సభ్యుల ఎదుట కృష్ణమూర్తి ఆ సంస్థను రద్దు చేశాడు. మరుసటి సంవత్సరం దివ్యజ్ఞాన సమాజం నుండి కూడా వైదొలగాడు. సాధారణంగా శిష్యుడు గురువును విడుస్తాడు. ఇక్కడ గురువుగా ఎంచబడినవాడే పీఠాన్ని విడిచాడు. జగద్గురువు రాక దారి తప్పినదని లెడ్‌బీటర్ భావించినట్లు జీవితచరిత్ర రచయిత్రి మేరీ లుట్యెన్స్ వ్రాసినది. ఈ విధంగా సిద్ధాంతం నిలిచి, వ్యక్తి అనుభవం పొరపాటుగా మిగిలినది.

కాలక్రమంలో ఇదే ప్రశ్న కృష్ణమూర్తి అనుయాయులకూ ఎదురయినది. ఆయన సన్నిహితుల కుమార్తె రాధా రాజగోపాల్ స్లాస్ 1991లో ప్రచురించిన పుస్తకంలో, తన తల్లితో కృష్ణమూర్తికి గల రహస్య సంబంధాన్ని వెల్లడించినది. దానికి సమాధానంగా మేరీ లుట్యెన్స్ 1996లో మరొక పుస్తకం వ్రాసినది. మచిలీపట్నంలో 1918లో జన్మించిన యు.జి. కృష్ణమూర్తి కూడా దివ్యజ్ఞాన సమాజంలో పెరిగి ఉపన్యాసకుడిగా పనిచేసి, దానిని విడిచి, తరువాత జిడ్డు కృష్ణమూర్తి బోధలను కూడా తీవ్రంగా విమర్శించాడు.

దీనికి భిన్నమైన వైఖరి గోరాగా ప్రసిద్ధుడైన గోపరాజు రామచంద్రరావు (1902-1975), మహాత్మా గాంధీల మధ్య కనిపిస్తుంది. సంప్రదాయ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి నాస్తికుడైన గోరా, నాస్తికత్వాన్ని సమర్థిస్తూ వ్రాసినందుకు 1933లో కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో ఉద్యోగం కోల్పోయాడు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించాడు. 1947లో అది విజయవాడ పటమటకు మారింది. గాంధీతో తన సంభాషణలను గోరా 1951లో "యాన్ ఎథీస్ట్ విత్ గాంధీ" పేరుతో ప్రచురించాడు. గోరా నాస్తికత్వం అహంకారమనో, గాంధీ విశ్వాసం అజ్ఞానమనో ఒకరినొకరు కొట్టివేయలేదు. ఎదుటివారు చేస్తున్న పనిని, ముఖ్యంగా అస్పృశ్యతా నిర్మూలనను, వారి మాటకు గీటురాయిగా తీసుకొన్నారు. గోరా కుమార్తె కులాంతర వివాహానికి సేవాగ్రామ్‌లో ఏర్పాటు చేసినపుడు, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యం అనే పదం వాడడానికి గాంధీ అంగీకరించాడు.

న్యాయస్థానాలలో

ఒక సంస్థ నుండి స్వేచ్ఛగా వెళ్ళిపోవచ్చునా అనే ప్రశ్నకు సమాధానం ఎవరిని అడగాలనేది న్యాయస్థానాల ముందు కూడా ఉన్న సమస్య. నార్వే ప్రభుత్వం, విడిచివెళ్ళినవారితో సంబంధాలు తెంచుకొనే ఆచారం సభ్యుల నిష్క్రమణ స్వేచ్ఛకు ఆటంకమనే కారణంతో యెహోవాసాక్షులకు ప్రభుత్వ నిధులను, మతసంఘంగా నమోదును నిరాకరించినది. 2024 మార్చిలో ఓస్లో జిల్లా న్యాయస్థానం ప్రభుత్వ నిర్ణయాన్ని సమర్థించగా, 2025 మార్చిలో అప్పీలు న్యాయస్థానం సంస్థకు అనుకూలంగా తీర్పునిచ్చినది. ఒకే ఆచారం గురించి, కుటుంబాన్ని పోగొట్టుకొన్నామని మాజీ సభ్యులు, మనస్సాక్షి ప్రకారం నడుచుకొంటున్నామని ప్రస్తుత సభ్యులు చెప్పిన ఈ వ్యాజ్యంలో రెండు న్యాయస్థానాలు భిన్నమైన నిర్ణయాలకు రావడం గమనార్హం.

అంచనా వేసే పద్ధతి

విలియం జేమ్స్ 1902లో వెలువరించిన "ద వెరైటీస్ ఆఫ్ రెలిజియస్ ఎక్స్‌పీరియన్స్" గ్రంథంలోని ఒక విభజన ఈ చర్చలో నేటికీ ఉపయోగపడుతుంది. ఆధ్యాత్మిక అనుభవం దానిని పొందినవానికి ప్రమాణం కావచ్చును గాని, ఇతరులు దానికి కట్టుబడనవసరం లేదని ఆయన అన్నాడు. సాధువుల దర్శనాలను మూర్ఛరోగంగా వివరించి తృప్తిపడే ధోరణిని ఆయన విమర్శించాడు. విశ్వాసం కోల్పోవడాన్ని కూడా మతంలో చేరడం వంటి ఒక మానసిక పరిణామంగానే గుర్తించి, ఫ్రెంచి తత్త్వవేత్త జూఫ్రువా అనుభవాన్ని ఉదహరించాడు.

పై ఉదాహరణల నుండి పరిశోధకులు పాటించే కొన్ని జాగ్రత్తలు ఈ విధంగా ఉన్నాయి.

* సంఘటన, దాని అర్థం వేరు. ఫలానా రోజున కొట్టారనేది పరిశీలించదగిన విషయం. అది దైవశిక్షణయా, దౌర్జన్యమా అనేది వ్యాఖ్యానం.
* ఒకరినొకరు ఎరుగని పలువురు ఒకే విషయం చెప్పినపుడు దానికి విలువ పెరుగుతుంది. అందరూ ఒకే సంస్థ ద్వారా వచ్చినవారైతే, అది అనుకూల సంస్థ అయినా వ్యతిరేక సంస్థ అయినా, విలువ కొంత తగ్గుతుంది.
* భవనాలు, లెక్కలు, ఉత్తరాలు, వైద్య నివేదికలు వంటి భౌతిక ఆధారాలతో పోల్చి చూడాలి. మరియా మంక్ కథ వీగిపోయినది ఈ పరీక్షతోనే.
* చెప్పినవానికి కోపం ఉన్నంతమాత్రాన చెప్పినది అబద్ధం కాదు. చెప్పినవానికి శాంతి లభించినంతమాత్రాన చెప్పినది నిజమూ కాదు.
* ఏ సమాధానం చెప్పినా తన పక్షాన్నే బలపరచే వివరణను, అది మతం నుండి వచ్చినా మతవ్యతిరేకత నుండి వచ్చినా, అనుమానించవలసి ఉన్నది.

ఒకే మందిరంలో, ఒకే సంవత్సరాలలో కూర్చున్న ఇద్దరిలో ఒకరికి అక్కడ ఊరట, మరొకరికి గాయం లభించి ఉండవచ్చు. రెండవవారి గాయాన్ని తెలుసుకోవడానికి మొదటివారి ఊరటను కాదనవలసిన పని లేదు. అట్లే మొదటివారి ఊరట రెండవవారి ఆరోపణకు సమాధానం కాజాలదు.

ఇవి కూడా చూడండి

* మత సమాజశాస్త్రం
* నాస్తికత్వం
* జిడ్డు కృష్ణమూర్తి
* గోపరాజు రామచంద్రరావు
* దివ్యజ్ఞాన సమాజం
* తర్కదోషం